హెడ్‌లైటు మసకబారితే ముందు ఎర్త్ చూడండి

వ్యాను యజమానులకు, డ్రైవరు సోదరులకు, ఆటోనగర్‌లో పని నేర్చుకుంటున్న తమ్ముళ్లకు నమస్కారం.

మొన్న ఫిషింగ్ హార్బరు నుంచి ఒక పాత వ్యాను నా దగ్గరకు వచ్చింది. ఎడమ హెడ్‌లైటు ఆరిపోబోయే దీపంలా ఎర్రగా వెలుగుతోంది. ఆ డ్రైవరు రెండు నెలల్లో మూడు బల్బులు మార్చాడట. ఎడమ ఇండికేటరు వేయమన్నాను. ఇండికేటరు కొట్టుకుంటున్న లయలోనే హెడ్‌లైటు కూడా కొట్టుకోవడం మొదలుపెట్టింది. అది చూడగానే బల్బుది తప్పు కాదని నాకు అర్థమైంది. బల్బు నుంచి బ్యాటరీ మైనస్‌కు కరెంటు తిరిగి వెళ్లే దారినే ఎర్త్ అంటాం. ఆ తిరుగుదారి మూసుకుపోయిన కరెంటు పక్క దీపం గుండా దారి వెతుక్కుంటోంది.

బల్బు ఊడదీసి హోల్డరులో మల్టీమీటరు పెడితే 12.4 వోల్టులు చూపించింది. "కరెంటు నిండుగా వస్తోంది కదన్నా, మరి బల్బే పోయినట్టు కదా" అన్నాడతను. తమ్ముళ్లూ, మనమందరం మోసపోయేది సరిగ్గా ఇక్కడే. మీటరు తీసుకునే కరెంటు అతి స్వల్పం. తీగలో ఒక్క పోగు మిగిలి ఉన్నా మీటరు నిండు వోల్టేజీ చూపిస్తుంది. తుప్పుతో పూడుకుపోయిన నీళ్ల పైపును తలుచుకోండి. కుళాయి కట్టి ఉన్నంతసేపూ ఒత్తిడి బాగానే ఉంటుంది, తిప్పిన తరువాతే సన్నటి ధార బయటపడుతుంది. అందుకే బల్బు పెట్టి, లైటు వెలుగుతుండగానే కొలవాలి.

అలాగే కొలిచాం. మీటరు ఒక కొనను బ్యాటరీ మైనస్‌కు, రెండో కొనను బల్బు ఎర్త్ పిన్నుకు తగిలిస్తే 2 వోల్టుల పైన చూపించింది. ఉండవలసింది సున్నాకు దగ్గరగా. అర వోల్టు కనిపించినా ఆ దారిలో ఎక్కడో అడ్డు ఉన్నట్టే. నల్ల తీగ పట్టుకుని వెళ్తే, హెడ్‌లైటు వెనుక రేకుకు బిగించిన బోల్టు దగ్గర తేలింది. తీగ చివరి వలయం మీద పచ్చటి చిలుము, వేలితో రాస్తే పొడిగా రాలుతోంది. కింద రేకు మీద తుప్పు పొర. బ్యాటరీ తీగ ఊడదీసి, వలయాన్నీ రేకునూ ఎమెరీ కాగితంతో లోహం మెరిసేదాకా రుద్ది, బిగించి, పైన వాజ్‌లైన్ పూశాను. మళ్లీ కొలిస్తే 0.1 వోల్టు. ఎదురు గోడ మీద తెల్లటి వెలుగు పడింది. ఆ పనికి కొత్త సామాను ఒక్కటీ అవసరం రాలేదు.

మన విశాఖలో ఈ జబ్బు ఎక్కువ. ఉప్పుగాలి, దానికి తోడు తేమ. చేపల బండ్లయితే పెట్టెల నుంచి కారే ఐసు నీళ్లు కూడా తోడవుతాయి. ఉప్పు తేమను పట్టి ఉంచుతుంది, లోహాన్ని తినేస్తుంది. బీచ్ రోడ్డు వైపు రాత్రుళ్లు నిలిపే బండ్లకు ఏడాదికి ఒకసారైనా, వర్షాకాలం ముగిశాక, ఎర్త్ బోల్టులు విప్పి శుభ్రం చేయండి.

2 వోల్టులే కదా అనుకోవద్దు. హాలోజన్ బల్బుకు వోల్టేజీ పదో వంతు తగ్గితే వెలుగు దాదాపు మూడో వంతు పడిపోతుంది. 2 వోల్టులు పోతే సగం వెలుగు పోయినట్టే.

రెండు లైట్లూ ఒకేసారి మసకబారితే రెండింటికీ ఉమ్మడిగా ఉన్నవాటిని చూడండి. ఇంజను నెమ్మదిగా తిరిగేటప్పుడు మసకగా, రేస్ చేస్తే వెలుగుగా ఉంటే ఆల్టర్నేటరు (ఇంజను తిప్పితే కరెంటు పుట్టించేది), దాని బెల్టు, బ్యాటరీ చూడండి. బల్బులు మాటిమాటికీ కాలిపోతుంటే ఇంజను నడుస్తుండగా బ్యాటరీ దగ్గర కొలవండి. 15 వోల్టులు దాటితే, వోల్టేజీని అదుపులో ఉంచే రెగ్యులేటరు పని చేయడం లేదు.

ఇక స్విచ్చి గురించి. చాలా ఏళ్ల కిందట అరకు నుంచి ఇంటివాళ్లతో వస్తున్నాను. అనంతగిరి ఘాట్‌లో పొగమంచు. ఒక మలుపులో రెండు హెడ్‌లైట్లూ ఒక్కసారిగా ఆరిపోయాయి. బండి ఆపేసరికి పై నుంచి లారీ హారను వినబడుతోంది. వెనుక సీట్లో పిల్లలు. ఆ కొద్ది క్షణాలు ఇప్పటికీ నన్ను వదలలేదు. మర్నాడు విప్పి చూస్తే స్విచ్చిలో కాంటాక్టు నల్లగా మాడిపోయి ఉంది. 60/55 వాట్ల బల్బు డిమ్ములో, అంటే 55 వాట్ల మీద, సుమారు 4.6 ఆంపియర్లు లాగుతుంది, రెండూ కలిస్తే 9 పైమాట. పాత వ్యాన్లలో చాలావాటికి ఆ భారమంతా చేతి కింది స్విచ్చి గుండానే పోతుంది. స్విచ్చి వేడెక్కుతుంటే, మాడు వాసన వస్తుంటే రేపటికి వాయిదా వేయకండి.

దీనికి మందు రిలే, అంటే సన్న కరెంటుతో పెద్ద కరెంటును కలిపే స్విచ్చి. దాని కాళ్లకు నంబర్లుంటాయి: 85, 86 కాళ్లకు స్విచ్చి నుంచి సన్న కరెంటు, 30, 87 గుండా బల్బుకు అసలు కరెంటు. బ్యాటరీ నుంచి 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ వేసి, బ్యాటరీకి దగ్గరలోనే ఫ్యూజు పెట్టండి. పాత బండికి ఇంతకంటే మంచి మరమ్మతు నాకు తెలియదు.

వెలుగు చాలడం లేదని 100/90 వాట్ల బల్బు వేసేవాళ్లు ఉన్నారు. హోల్డరు కరుగుతుంది, తీగ తొడుగు మెత్తబడుతుంది. ఫ్యూజు పోయిందని ఆ చోట రాగి పోగు చుట్టడం మరీ దారుణం. బడి పిల్లలు ఎక్కే వ్యానులో అలా చుట్టి ఉండగా నేను చూశాను, నా చేతులు వణికాయి. దయచేసి ఆ పని మానండి. హాలోజన్ బల్బు కోసం చేసిన హెడ్‌లైటు గిన్నెలో ఎల్‌ఈడీ బల్బు పెట్టడమూ తప్పే, వెలుగు పడవలసిన చోట పడక ఎదుటి డ్రైవరు కళ్లలో పడుతుంది.

నాతో మల్టీమీటరు, ఎమెరీ కాగితం తెచ్చాను. బయట నిలిపిన వ్యాను దగ్గరకు వెళ్దాం. లైట్లు వేసి ఉంచండి, మొదటి కొలత మీలో ఎవరైనా తీయాలి.