రంగు వేయకముందే అడగాలి

(తిరుపతిలో కాలనీ సంక్షేమ సంఘాలు, చుట్టుపక్కల పంచాయతీల వాళ్ళు కలిసి పెట్టుకున్న సభలో చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం. పెళ్ళి ముహూర్తాలున్న ఆదివారం పూట ఇంతమంది వచ్చి కూర్చున్నారంటే మన చెరువులు ఏమైపోతాయోనన్న టెన్షన్ అందరిలోనూ ఉన్నట్టే. నేను ఇరిగేషన్‌లో పనిచేసి రిటైరైనవాణ్ణి. ప్రకృతిని వర్ణించడం నాకు చేతకాదు. చెరువు, వంక అనే చిన్నవాగు, కొండవాలు, వాటి సర్వే నంబర్లు, మాస్టర్ ప్లాన్‌లో వాటికి వేసే రంగులు, వీటి గురించే మాట్లాడతాను.

ముందు అవిలాల సంగతి. దేశమంతా పర్యావరణ న్యాయం చదివే పిల్లలు మన ఊరి పేరున్న తీర్పు ఒకటి చదువుతారు. ఇక్కడున్న మనలో ఎంతమందికి తెలుసో గానీ. 1990లలో అవిలాల చెరువు భూమిని హౌసింగ్ బోర్డుకు, పేరూరు చెరువు భూమిని టీటీడీకి ఇళ్ళ కోసం ప్రభుత్వం ఇచ్చింది. మన ఊరి ఇంటలెక్చువల్స్ ఫోరం అనే సంఘం 1994లో హైకోర్టుకు వెళ్ళింది. 2000లో అక్కడ పిటిషన్ కొట్టేశారు. వాళ్ళు వదల్లేదు, సుప్రీంకోర్టుకు పోయారు. 2006 ఫిబ్రవరిలో తీర్పు వచ్చింది. ఇలాంటి సహజ వనరులకు ప్రభుత్వం సొంతదారు కాదు, ప్రజల తరఫున ధర్మకర్త మాత్రమేనని కోర్టు చెప్పింది. ధర్మకర్త అంటే ఏమిటో తిరుపతివాళ్ళకు వేరే చెప్పక్కర్లేదు.

అయితే ఆ తీర్పు చివరి పేజీలు కూడా చదవండి. అప్పటికే ఇళ్ళు లేచిపోయాయి. వాటిని కూల్చమని కోర్టు అనలేదు. ఇకమీదట కట్టొద్దంది. పేరూరు చెరువుకు నీళ్ళు తెచ్చే బోడెద్దుల వంకను బాగుచేయమంది. కట్టిన ప్రతి ఇంటికీ వాననీటిని పట్టే ఏర్పాటు ఉండాలంది, బోర్లు వేయొద్దంది. అవిలాలలో కట్ట వెంబడి ఇంకుడు చెరువు, భూమిలోకి నీళ్ళు దింపే బావులు తవ్వమంది. అన్నీ మంచి మాటలే. కానీ లెక్క చూడండి, పన్నెండేళ్ళు పోరాడి గెలిస్తే మనకు దక్కింది మిగిలిన చెరువు. ఆ ఫోరం వాళ్ళను నేను తక్కువ చేయడం లేదు. వాళ్ళ పుణ్యమా అని ఈరోజు ఏ కోర్టుకు వెళ్ళినా చేతిలో ఒక ఆధారం ఉంది. నేననేది ఒకటే. చెరువులో పిల్లర్లు లేచాక అడిగితే ఆలస్యం, జీవో వచ్చాక అడిగినా ఆలస్యమే. పటం మీద రంగు వేస్తున్న రోజునే అడగాలి, అదీ కాలనీవాళ్ళూ ఊరివాళ్ళూ కలిసి అడగాలి.

మాస్టర్ ప్లాన్ అనేది ఏ భూమిని దేనికి వాడాలో చూపించే రంగుల పటం. సాధారణంగా పసుపు వేస్తే ఇళ్ళు, నీలం వేస్తే వ్యాపారం, ఊదా అయితే పరిశ్రమలు, ఎరుపు అయితే స్కూళ్ళు ఆస్పత్రులు, ముదురు పచ్చ పార్కులు, లేత పచ్చ సేద్యం. లేత పచ్చ చేను పసుపు అయిన మర్నాడు, ఎకరాల్లో చెప్పే రేటు ఇళ్ళ స్థలాలు కొలిచే అంకణాల్లోకి మారుతుంది. ఆశ అక్కడ పుడుతుంది. రైతునూ తప్పుపట్టలేం. సేద్యంలో ఏం మిగులుతోందో మనకు తెలుసు.

రంగు మార్చడానికి ఒక పద్ధతి ఉంది. ముసాయిదా నోటిఫికేషన్ ఇస్తారు, అభ్యంతరాలకు సాధారణంగా 15 రోజులు గడువు పెడతారు, తర్వాత ఖరారు చేస్తారు. నోటీసులో ఏముంటుందంటే సర్వే నంబరు, సబ్ డివిజన్, విస్తీర్ణం, నాలుగు దిక్కుల హద్దులు. పేపర్లో ఓ మూల చిన్న అక్షరాల్లో వస్తుంది. ఆ నంబరు తన వీధి వెనక ఉన్న వంకదని ఆ వీధిలోనే ఇరవయ్యేళ్ళుగా ఉంటున్నవాళ్ళకు కూడా తెలియదు. పదహారో రోజున ఫైల్లో ‘అభ్యంతరాలు రాలేదు’ అని ఒక లైను రాస్తారు. ఆ లైను అబద్ధం కూడా కాదు.

వంక ఎలా మాయమవుతుందో కాస్త దగ్గరగా చూద్దాం. నా ఉద్యోగం వల్ల నాకు బాగా తెలిసిన సంగతి ఇదే. అందరూ జేసీబీని తిడతారు. జేసీబీ వచ్చేలోపే వంక కాగితం మీద చాలాసార్లు సన్నబడి ఉంటుంది. మండల సర్వేయర్ దగ్గరుండే ఎఫ్ఎంబీ, అంటే ప్రతి సర్వే నంబరు కొలతలూ గీసి ఉన్న పుస్తకం, తీయండి. వంక రెండు గీతలుగా కనిపిస్తుంది. పాత స్కెచ్‌లలో కొలతలు లింకుల్లో ఉంటాయి. వంద లింకులు ఒక గొలుసు, అంటే 66 అడుగులు. ఉదాహరణకు అరవై లింకుల వెడల్పున్న వంక తీసుకుందాం. సుమారు 12 మీటర్లు. మన రాష్ట్ర బిల్డింగ్ రూల్స్ ప్రకారం 10 మీటర్లకు మించిన వాగుకో, కాలువకో హద్దు నుంచి 9 మీటర్లు వదలాలి. 10 మీటర్ల లోపు ఉంటే 2 మీటర్లు వదిలితే చాలు. మతలబంతా ఇక్కడే ఉంది. లేఅవుట్ ప్లాన్‌లో ఆ వంకను 6 మీటర్ల ‘వర్షపు నీటి కాలువ’గా గీశారనుకోండి. వెడల్పులో సగం పోయింది, పైగా రెండు పక్కలా వదలాల్సిన తొమ్మిదేసి మీటర్లు రెండేసి మీటర్లయ్యాయి. మొదట 30 మీటర్ల జాగా వంకకు దక్కాలి. ఇప్పుడు పది. వంద మీటర్ల పొడవుకు అర ఎకరం దాకా ప్లాట్లలోకి వచ్చేసింది. ఇంతవరకూ మట్టి కదల్లేదు, పెన్ను మాత్రమే కదిలింది. ఆ తర్వాత రోడ్డు దాటేచోట తూము బదులు రెండు సిమెంటు పైపులు వేస్తారు. కొన్నాళ్ళకు ‘కంపు కొడుతోంది’ అని మనమే అర్జీ పెట్టి పైన స్లాబు వేయించుకుంటాం. అర్జీల్లో సంతకాలు చూస్తే సగం మన సంఘాలవే ఉంటాయి.

మన ఊరి వాటం చూడండి. ఉత్తరాన శేషాచలం, దక్షిణాన స్వర్ణముఖి. కపిలతీర్థం దగ్గర దూకిన నీళ్ళకూ, కొండ పొడవునా దిగే మిగతా వంకలకూ ఊళ్ళోంచి కాక వేరే దారి లేదు. మధ్యలో రైలు కట్ట తూర్పు పడమరలుగా అడ్డం పడుకుని ఉంది. అందుకే పెద్దవాన పడితే వెస్ట్ చర్చి అండర్‌బ్రిడ్జి ముందు మునుగుతుంది. పాతవాళ్ళు ఈ వాలు మీద గుంటలు, చెరువులు గొలుసుకట్టుగా కట్టారు. పై చెరువు నిండితే మొరవ, అంటే అలుగు, పారి కింద చెరువుకు పోతుంది. ఈ వరసలో ఒక్కదాన్ని తీసేస్తే, దాని కిందివన్నీ ఎండాకాలం ఎండుతాయి, వానాకాలం తెగుతాయి. 2021 నవంబరులో మనం చూసింది అదే. 18, 19 తేదీల్లో పడిన వానకు తిరుపతి వీధులు ఏరులైపోయాయి. తర్వాత రెండు మూడు రోజులకు రాయలచెరువు కట్ట నుంచి నీళ్ళు కారుతున్నాయని కింది ఊళ్ళను ఖాళీ చేయించారు. వాన ఎక్కువ పడిందన్న మాట నిజమే. వాన ఎంత పడాలో మన చేతిలో లేదు. దాని దారి ఎంత వెడల్పుండాలో మాత్రం మనమే కాగితం మీద రాశాం.

చిత్తూరు నుంచి వచ్చిన మిత్రులు నీవా నది గురించి అడిగారు. ఏడాదిలో ఎక్కువ రోజులు ఎండి ఉండే నదికి ఒడ్డు ఎక్కడుందో జనం మర్చిపోతారు, ఆఫీసులు కూడా. కట్టమంచి చెరువు విషయంలో చేయాల్సిన పని కూడా ఇదే, సర్వే రికార్డు హద్దు బయటికి తీసి రాళ్ళు పాతించుకోవాలి.

కొండ అంచు గురించి వేరే చెప్పాలి. 2010లో శేషాచలాన్ని బయోస్ఫియర్ రిజర్వుగా ప్రకటించారు, సుమారు 4,756 చదరపు కిలోమీటర్లు. అడవి లోపలి సంగతి అటవీ శాఖ చూసుకుంటుంది. ఇబ్బందంతా కంచె బయట. రిజర్వు ఫారెస్టు గీతకూ మొదటి ప్లాటుకూ మధ్య గుట్ట పోరంబోకు, మేత పోరంబోకు, బీడు పట్టాలు ఉంటాయి. కలివి పొదలు, బలుసు, రేల, రాళ్ళగుట్టలు. రియల్ ఎస్టేట్ బ్రోచరులో దీన్ని ‘హిల్ వ్యూ’ అంటారు. దేవాంగపిల్లి తిరిగేది ఇలాంటి పొదల్లోనే, వాన నీళ్ళు భూమిలోకి దిగేదీ ఈ గులకరాళ్ళ నేలలోనే. ఆ నడుమ ఉన్న జాగాను ప్లాట్లు చేసి, తర్వాత ‘కాలనీలో చిరుత కనిపించింది’ అని వాట్సాప్‌లో వీడియోలు పంపుకుంటాం. చిరుత మన వీధికి రాలేదు, మనమే దాని దారిలో వీధి వేశాం. పటంలో అడవికి పచ్చ, పట్టాకు పసుపు వేస్తున్నారు. రెండింటి నడుమ ఉన్న ఈ పట్టీని కట్టడాలు లేని బహిరంగ స్థలంగా చూపించమని అడగాలి. పట్టాదారుకు నష్టపరిహారమో, వేరేచోట హక్కో ఇవ్వాలి. ఊరికే త్యాగం చేయమని ఎవరినీ అడగకూడదు, అడిగితే ఎవరూ చేయరు కూడా.

ఇక చట్టాలు. తొందరగా చెప్పేస్తాను. తుడా, అంటే తిరుపతి పట్టణాభివృద్ధి సంస్థ, పనిచేసేది 2016 నాటి పట్టణాభివృద్ధి సంస్థల చట్టం కింద. చెరువు 10 హెక్టార్లు, అంతకు మించి ఉంటే హద్దు నుంచి 30 మీటర్లు, చిన్న చెరువులు, కుంటలైతే 9 మీటర్లు వదలాలి. లేఅవుట్‌లో 10 శాతం ఖాళీ స్థలం స్థానిక సంస్థకు రాసివ్వాలి. చాలామంది కేంద్రం తెచ్చిన చిత్తడి నేలల రూల్స్ మనల్ని కాపాడతాయనుకుంటారు. 2017 నాటి ఆ రూల్స్‌లో సాగు కోసం, తాగునీటి కోసం మనుషులు కట్టినవాటిని మినహాయించారు. అంటే రాయలసీమ చెరువులు దాదాపు అన్నీ బయటే. కాబట్టి ఢిల్లీ వైపు చూడొద్దు, సర్వే నంబరు వైపు చూడండి.

74వ రాజ్యాంగ సవరణ పట్టణ ప్రణాళికను మున్సిపాలిటీల పనుల్లో చేర్చింది. మూడు లక్షలు, ఆపైన జనాభా ఉన్న చోట వార్డు కమిటీలు ఉండాలంది. 2011 లెక్కల్లో మన నగరం సుమారు 2.87 లక్షలు. చూశారా మన అదృష్టం! రోజూ కొండకు వచ్చిపోయే జనం ఏ లెక్కలోనూ లేరు. కమిటీ ఎవరో వేస్తారని కూర్చోకుండా మనమే వార్డుకొకటి వేసుకుందాం. రాసిచ్చే హక్కుకు జనాభా లెక్కతో పనిలేదు.

ఇలా ఎక్కడన్నా జరిగిందా అని అడుగుతారు. కేరళలో 2008లో వరి పొలాలు, చిత్తడి నేలల రక్షణ చట్టం తెచ్చారు. పంచాయతీ అధ్యక్షుడు, వ్యవసాయ అధికారి, రైతు ప్రతినిధులు కూర్చుని ఏ నంబరు పొలమో, ఏది కాదో స్థానికంగానే జాబితా రాశారు. తర్వాతి సవరణలు దాన్ని కొంత వదులు చేశాయి, అయినా జాబితా అనేది ఒకటి ఉంది, దాన్ని పట్టుకుని వాదించొచ్చు. న్యూయార్క్‌లో 59 కమ్యూనిటీ బోర్డులున్నాయి. తమ పేటకు ప్లాన్ తామే రాసి నగరానికి పంపొచ్చు. నగరం ఆమోదించినా అది సలహా మాత్రమే, జోనింగ్, అంటే ఏ జాగా దేనికన్న నియమం, దానంతట అది మారదు. అమెరికాలో కూడా ఇంతేనా అంటారేమో, ఇంతే. కానీ రాసి పెట్టిన ప్లాన్ ఉన్న పేటను తోసిపుచ్చడం, ఏమీ రాయని పేటను తోసిపుచ్చినంత సులువు కాదు.

ఒక మాట కొంతమందికి కష్టంగా ఉండొచ్చు. చెరువుల రక్షణ అనగానే మొదట వేలు గుడిసెల వైపు పోతుంది. చెరువు పోరంబోకులో గుడిసెలున్నవాళ్ళలో చాలామందికి ప్రభుత్వమే పట్టా ఇచ్చింది, కరెంటు మీటరు ఇచ్చింది, ఓటూ ఇచ్చింది. అదే చెరువులో కాంపౌండు గోడ కట్టినవాళ్ళ జోలికి మాత్రం ఎవరూ పోరు. మన పటంలో రెండూ ఒకే రంగులో గీయాలి. ఇల్లు పోయేవాళ్ళకు దగ్గర్లోనే మరో జాగా చూపించాకే పని మొదలవ్వాలని మన అర్జీలోనే రాయాలి. లేకపోతే ఇది పక్కా ఇళ్ళవాళ్ళు తమ వ్యూ కాపాడుకునే ఉద్యమం అవుతుంది. అలాంటిదానికి నేను రాను. బయటి దేశాల్లో జోనింగ్ పేరుతో పేదవాళ్ళను పేటలోకి రానీయని సందర్భాలు చాలా ఉన్నాయి, ఆ తెలివి మనకొద్దు.

చేయాల్సిన పని చెబుతాను. ప్రతి వార్డు, ప్రతి పంచాయతీ తన పరిధిలోని చెరువు, వంక, గుట్ట పోరంబోకుల నంబర్లు రాసుకోవాలి. ఎఫ్ఎంబీ నకలు, గ్రామ పటం, మాస్టర్ ప్లాన్ షీటు, మూడూ పక్కపక్కన పెట్టి చూడాలి. నకళ్ళు ఇవ్వకపోతే సమాచార హక్కు కింద అడగండి. తర్వాత టేపు పట్టుకుని నడవాలి. ముసలివాళ్ళను తప్పకుండా తీసుకెళ్ళండి, చెరువు నీళ్ళు పంచే నీరుగట్టి కుటుంబాల వాళ్ళు ఉంటే మరీ మంచిది. మొరవ ఎక్కడ పారేదో, పూడిపోయిన కాలువ ఎవరి ఇంటి కింద ఉందో వాళ్ళు నిలబడి చూపిస్తారు. వాళ్ళు చూపించింది రికార్డుతో కలిస్తేనే పటంలో గీయండి. కలవకపోతే పక్కన విడిగా రాయండి. ఉద్రేకంలో ఒక్క నంబరు తప్పు రాసినా, అవతలివాళ్ళు ఆ ఒక్కటి పట్టుకుని మిగతా తొంభై తొమ్మిదీ కొట్టేయిస్తారు.

నోటిఫికేషన్లు చూసే పని ప్రతి సంఘంలో ఒక్కరికి అప్పగించండి. కాలేజీ పిల్లలైతే హుషారుగా చేస్తారు. అర్జీ రెండు కాపీలు తీసుకెళ్ళండి, ఒకటి ఇచ్చి రెండోదాని మీద తేదీతో ముద్ర వేయించుకోండి. తపాలా సెక్షన్‌లో ‘సారు లేరు, రేపు రండి’ అంటే రిజిస్టర్డ్ పోస్టులో పంపండి. తుడాకొకటి, కార్పొరేషన్‌కో పంచాయతీకో ఒకటి, కలెక్టర్‌కు ఒకటి. నమూనా అర్జీ, కొలతలు లింకుల నుంచి మీటర్లలోకి మార్చే పట్టిక బయట బల్ల మీద పెట్టాం. పోయేటప్పుడు తలా ఒకటి తీసుకోండి, పేరు, వార్డు నంబరు అక్కడి రిజిస్టర్‌లో రాయండి.