తిలాపాపం తలా పిడికెడు: నిఘా సంస్థల మీద నిఘా

అందరికీ నమస్కారం. ముందు వరుసల్లో లా విద్యార్థులు ఎక్కువగా కనిపిస్తున్నారు కాబట్టి ఒక ప్రశ్నతోనే మొదలుపెడతాను. ఖైదీ మీ దగ్గర లేడు, వేరే దేశం వాళ్ల చెరలో ఉన్నాడు, వాళ్లు అతన్ని హింసిస్తున్నారు. మీరు చెయ్యి చేసుకోలేదు. ప్రశ్నలు రాసి పంపారు, వచ్చిన జవాబులు తీసుకున్నారు, అంతే. ఆ పాపంలో మీ పిడికెడు ఎంత?

2002 జనవరిలో అఫ్ఘానిస్తాన్‌లో ఒక బ్రిటిష్ నిఘా అధికారికి ఇది నిజంగానే ఎదురైంది. అమెరికన్ల చేతిలో ఉన్న ఖైదీల పట్ల దుర్వ్యవహారం చూసి లండన్‌కు రాశాడు. మర్నాడే జవాబొచ్చింది. వాళ్లు మన అధీనంలో లేరు కాబట్టి అడ్డుపడాల్సిన బాధ్యత చట్టం ప్రకారం మీకు లేదు అని. ఆ దుర్వ్యవహారంలో పాలుపంచుకోవద్దని, సమర్థించినట్టు కనబడొద్దని కూడా రాశారు. ఆ ‘కనబడొద్దు’ అన్న మాట దగ్గర నేను ప్రతిసారీ ఆగిపోతాను.

2010 జులైలో అప్పటి బ్రిటన్ ప్రధాని డేవిడ్ కామెరాన్ ప్రభుత్వం దీనికి లిఖిత నియమాలు బయటపెట్టింది. విదేశాల చెరలో ఉన్నవాళ్లను ప్రశ్నించేటప్పుడు, వాళ్ల గురించి సమాచారం ఇచ్చిపుచ్చుకునేటప్పుడు హింస జరుగుతుందన్న అనుమానం వస్తే పై అధికారికి చెప్పాలి, అవసరమైతే మంత్రిదాకా వెళ్లాలి. ఇవి పాటిస్తున్నారో లేదో చూసే పని పెద్ద కోర్టుల్లో పనిచేసిన జడ్జికి అప్పగించారు. ఆయన కొన్ని ఫైళ్లు తెప్పించుకుని చూస్తారు. మంచిదే. కానీ ఫైల్లో రాయనిది ఏ జడ్జికి కనబడుతుంది?

ఫాతిమా బూచార్ సంగతి చూడండి. 2004లో గర్భిణిగా ఉన్న ఆమెను, ఆమె భర్త, గద్దాఫీ వ్యతిరేకి అబ్దెల్ హకీమ్ బెల్‌హాజ్‌ను బ్యాంకాక్‌లో పట్టుకుని గద్దాఫీ పాలనలోని లిబియాకు తరలించారు. ఇందులో బ్రిటన్ చెయ్యి ఉందని బయటపెట్టింది ఏ పర్యవేక్షకుడూ కాదు. 2011లో గద్దాఫీ కూలిపోయాక ట్రిపోలీలో నిఘా అధిపతి ఆఫీసులో కాగితాలు దొరికాయి. అంటే అవతలివాళ్ల బీరువా తెరుచుకుంటేగానీ ఇవతలివాళ్ల గుట్టు తెలియలేదు. 2018 మే 10న బ్రిటిష్ పార్లమెంటులో క్షమాపణ చెప్పారు. ఆమెకు 5 లక్షల పౌండ్లు ఇచ్చారు. బెల్‌హాజ్ మాత్రం డబ్బు వద్దు, క్షమాపణ చాలన్నారు.

అదే ఏడాది జూన్‌లో ఎంపీ డొమినిక్ గ్రీవ్ అధ్యక్షతన, నిఘా సంస్థలను పర్యవేక్షించే పార్లమెంటరీ కమిటీ నివేదిక వచ్చింది. సుమారు 40,000 పత్రాలు తిరగేశారు. హింస జరుగుతోందని తెలిసో, అనుమానించో కూడా ప్రశ్నలు, సమాచారం పంపుతూ పోయిన సందర్భాలు 232. బ్రిటిష్ అధికారులే కళ్లారా చూసినవి 13. మరి ఆ పని చేసిన అధికారులను పిలిచి అడిగారా? కమిటీ కోరినట్టు అడగనివ్వడానికి అప్పటి ప్రధాని థెరెసా మే ప్రభుత్వం ఒప్పుకోలేదు. ఆ షరతులతో సాగదని కమిటీ విచారణను మధ్యలోనే ముగించింది.

2020 జనవరి నుంచి ఆ 2010 నియమాల స్థానంలో కొత్త సూత్రాలు అమల్లోకి వచ్చాయి. పోలీసుల ఉగ్రవాద నిరోధక విభాగాన్ని కూడా వీటి కిందికి తెచ్చారు. హింస జరిగే ప్రమాదం నిజంగానే ఉంటే మాత్రం, ‘ఆ పనిలో ముందుకు వెళ్లకూడదు’ అని ఖండితంగా అనకుండా, మామూలుగా ముందుకు వెళ్లకూడదన్న ధోరణిలోనే వదిలేశారు. నా దృష్టిలో ఇది లాయర్లు కావాలని వదిలిన సందు.

‘మరి మన దగ్గరో?’ అని మీలో ఎవరో ఒకరు అడుగుతారు. ఇంటెలిజెన్స్ బ్యూరోకు ప్రత్యేక చట్టమే లేదు. 2011లో కాంగ్రెస్ ఎంపీ మనీష్ తివారీ నిఘా సంస్థలను చట్టం కిందికి తెచ్చే ప్రైవేటు బిల్లు పెట్టారు, అది చట్టం కాలేదు. హింస వ్యతిరేక ఐరాస ఒప్పందం మీద 1997లో సంతకం పెట్టాం, ఇంకా ధ్రువీకరించలేదు. 2020 డిసెంబర్‌లో పరంవీర్ సింగ్ సైనీ కేసులో సుప్రీంకోర్టు పోలీస్ స్టేషన్లతోపాటు సీబీఐ, ఎన్ఐఏ, ఈడీ లాంటి సంస్థల ఆఫీసుల్లోనూ సీసీ కెమెరాలు పెట్టమంది. ప్రశ్నించే పనీ, అరెస్టు చేసే అధికారమూ ఉన్న ఇతర కేంద్ర సంస్థలన్నిటికీ ఇది వర్తిస్తుందంది. ఆ వాక్యం ఇంటికెళ్లాక ఇంకోసారి చదవండి. ఐబీకి అరెస్టు చేసే అధికారం లేదు.