పండ్లతోటలో నాజిల్ వాన

సభకు నమస్కారం.

కృత్రిమ వర్షం అనగానే చాలామందికి మేఘమథనం గుర్తుకు వస్తుంది. నేను చెప్పబోయే వాన అంతకంటే చాలా చిన్నది. తల మీద ఓ రెండు మూడు మీటర్ల ఎత్తున బిగించిన నాజిల్ నుంచి కొద్దిపాటి నేల మీద మాత్రమే కురుస్తుంది. తోటలో పడిన నీటిలో ఎంత ఇంకుతుందో, ఎంత పారిపోతుందో, పారుతూ మట్టిని, మందులను ఎంత మోసుకుపోతుందో కొలవాలని సహజమైన వాన కోసం కాచుకుని కూర్చుంటే, అది కావలసిన రోజున రాదు, వచ్చినా రెండోసారి అదే తీరున కురవదు.

ఇనుప రేకులు నేలలోకి దిగగొట్టి చదరపు మీటరు మడి కట్టి, వాలు వైపున నీటిని సీసాలోకి మళ్లిస్తాం. చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన అంటే ఒక లీటరు నీరు. గంటకు 60 మిల్లీమీటర్ల చొప్పున కురిపిస్తే నిమిషానికి లీటరు పడుతుంది. ఆ నిమిషంలో సీసాలోకి 400 మిల్లీలీటర్లు వస్తే, మడి దాటి చిందినది పోను, తక్కినది నేల తాగిందన్నమాట.

అయితే తోట నేల అంతటా ఒకేలా తాగదు. చెట్ల వరుస కింద కలుపు మందు కొట్టి బోసిగా ఉంచిన చోట చినుకు దెబ్బకు మట్టిపెళ్లలు చితికి, సన్నని రేణువులు రంధ్రాలను పూడ్చి, పైపొర పెచ్చు కడుతుంది. ట్రాక్టర్ చక్రాల జాడల్లో నేల ముందే బిగిసి ఉంటుంది. వరుసల నడుమ గడ్డి ఉంటే నీరు నెమ్మదించి ఇంకుతుంది. కాలిఫోర్నియా తోటల్లో చెట్లు ఆకు రాల్చిన చలికాలంలో కొట్టిన డయాజినాన్ అనే పురుగుమందు అప్పటి వానలకే నదుల్లోకి చేరడం వల్ల, ఈ గడ్డి పట్టీల మీద అక్కడ ప్రత్యేకంగా దృష్టి పెట్టారు.

చినుకు కూడా వాన చినుకులాగే తగలాలి. 5 మిల్లీమీటర్ల చినుకు నేలను తాకేటప్పటికి సెకనుకు దాదాపు 9 మీటర్ల వేగంతో ఉంటుంది. సూది కొన నుంచి రాలే చుక్కకు ఆ వేగం రావాలంటే ఏడెనిమిది మీటర్ల ఎత్తయినా కావాలి; అందుకే పీడనంతో నెట్టే నాజిల్ వాడతాం. చినుకు పరిమాణానికి, నవ్వకండి, గోధుమపిండే కొలమానం. పళ్లెంలో పరిచిన పిండిని క్షణకాలం వానకు చూపితే ఒక్కో చుక్కకు ఒక్కో ఉండ కడుతుంది. ఆరబెట్టి జల్లెడ పట్టడమే. అమెరికాలో విల్సన్ బెంట్లీ 1904లో ప్రచురించిన ఈ పద్ధతి నేటికీ పనికి వస్తోంది.

మేము తప్పటడుగు వేసింది నీటి విషయంలో. దగ్గరలో ఉందని బోరు నీరు ట్యాంకుకు ఎక్కించాం. వాన నీటిలో లవణాలు దాదాపు ఉండవు. బోరు నీటిలోని లవణాలు బంకమట్టి రేణువులను విడిపోనివ్వకుండా పట్టి ఉంచడంతో పెచ్చు ఆలస్యంగా కట్టింది, సీసా నిండలేదు, నేల బాగా ఇంకించుకుంటోందని మేము సంబరపడ్డాం. అప్పటి నుంచి ట్యాంకు నీటిలో లవణాలు ఏపాటివో తెలిపే విద్యుత్ వాహకతను ముందే కొలిచి, ఆ అంకెను వాన తీవ్రత పక్కనే రాసుకుంటున్నాం.