ప్రేక్షకులకు బదులిచ్చే నృత్యం: రూపకల్పన ఎలా?

(తెరపై: చీకటి గదిలో ధారగా కురుస్తున్న వాన, దాని నడుమ తడవకుండా నడుస్తున్న మనిషి.)

వ్యాఖ్యానం: 2012లో లండన్‌లోని బార్బికన్ కేంద్రంలో రాండమ్ ఇంటర్నేషనల్ అనే కళాబృందం ‘రెయిన్ రూమ్’ను ప్రదర్శించింది. గదిలో వాన కురుస్తూనే ఉంటుంది గానీ, మనిషి నిలబడిన చోటును కెమెరాలు కనిపెట్టగానే అక్కడ మాత్రం నీరు ఆగిపోతుంది. నృత్యదర్శకుడు వేన్ మెక్‌గ్రెగర్ బృందం ఆ వానలోనే నర్తించింది. నెమ్మదిగా నడిచినవారు తడవలేదు, తొందరపడినవారిని నీరు తాకింది. యంత్రం స్పందించడానికి పట్టే ఆ కాస్త ఆలస్యమే అందరికీ ఒక నడకను నేర్పింది; ఈ కళలోని అసలు మర్మం అదే.

(తెరపై: పైకప్పు నుంచి చూసినట్టుగా గుంపులుగా కదిలే జనం.)

అందుచేత, పరికరాలు కొనడానికి ముందే ప్రేక్షకుల ఏ ప్రవర్తనను చదవాలో తేల్చుకోవాలి. చప్పట్లను పసిగట్టడం సులువే. కానీ చప్పట్లు కొడితే దీపం వెలుగుతుందని తెలిసిన మరుక్షణం జనం నర్తకిని మరచి దీపంతో ఆడుకుంటారు. దగ్గరకు రావడం, వెనక్కి తగ్గడం, కదలక నిలబడడం వంటి అప్రయత్న చర్యలను ఎంచుకోవడమే మేలని నా అభిప్రాయం. రంగస్థల దీపాలు మారుతున్నప్పుడు మామూలు కెమెరా తికమకపడుతుంది కనుక, పైకప్పుకు కంటికి కనిపించని పరారుణ కాంతితో చూసే ఇన్‌ఫ్రారెడ్ కెమెరాను గానీ, కైనెక్ట్ వంటి దూరాన్ని కొలిచే కెమెరాను గానీ బిగిస్తారు. అక్కడి నుంచి వచ్చే సమాచారాన్ని వెలుగుగా, ధ్వనిగా మార్చడానికి ఇసడోరా వంటి సాఫ్ట్‌వేర్ ఉంది. దాన్ని రూపొందించిన మార్క్ కొనిగ్లియో స్వయంగా ట్రోయికా రాంచ్ అనే నృత్యబృందం వ్యవస్థాపకుల్లో ఒకరు.

(తెరపై: నేలమీద జరుగుతున్న వెలుగు, దాన్ని గమనిస్తూ అడుగు మార్చే నర్తకి.)

ఉదాహరణకు, జనం ఎడమవైపు గుమికూడితే కుడివైపు నేలపై వెలుగు పరుచుకుంటుంది. ఆ సంకేతాన్ని అందుకుని నర్తకి ముందే సాధన చేసిన నృత్యభాగాల్లో తగినదాన్ని ఎంచుకుంటుంది. ఆ ఎంపికను యంత్రానికి వదిలేయకూడదు. కూచిపూడి భామాకలాపంలో సత్యభామ తెర మీదుగా జడ వేసి సభకు సవాలు విసిరే సంప్రదాయం ఉంది. సభలో ఎవరు ప్రశ్నించినా బదులు చెప్పగల విద్వత్తు పాత్రధారికి ఉండాలి. సెన్సర్ల నడుమ ఆడే నర్తకికీ అంతటి సంసిద్ధత అవసరం.

(తెరపై: సాధన గదిలోకి అడుగుపెడుతున్న కొత్త ముఖాలు.)

సాధనలో బృంద సభ్యులే ప్రేక్షకులుగా నిలబడితే లాభం లేదు, ఎందుకంటే వారికి నియమాలన్నీ ముందే తెలుసు. ఏమీ తెలియని కొత్తవారిని పిలిచి, వారు ఎటు నడుస్తారో, ఎప్పుడు విసుగుచెందుతారో చూసి నియమాలను సవరించాలి. కెమెరా మొరాయించినా నృత్యం సాగేలా ఒక స్థిరమైన క్రమం సిద్ధంగా ఉండాలి. ఈ పనికి జనం ఉన్న చోటు తెలిస్తే చాలు కాబట్టి, ముఖాలను భద్రపరచకుండా, కెమెరాలు పనిచేస్తున్నాయని ప్రవేశద్వారం దగ్గరే రాసిపెట్టాలి.