జీతం చీటీలో ఒక గడి

శ్రోతలకు నమస్కారం.

మా అమ్మ గుంటూరులో పొగాకు గ్రేడింగ్ పనికి వెళ్లేది. వారానికోసారి బట్వాడా. డబ్బుతో పాటు సన్నటి చీటీ ఒకటి చేతిలో పెట్టేవాళ్లు. అమ్మ డబ్బు రెండుసార్లు లెక్కపెట్టుకుని, చీటీని బియ్యం డబ్బా కింద దాచేది. నేను తొమ్మిదో తరగతిలో ఉండగా ఒక ఆదివారం ఆ చీటీలన్నీ నేల మీద వరుసగా పేర్చి చూశాను. ‘వీడీఏ’ అనే గడిలో, అంటే ధరలు పెరిగితే జీతానికి కలిపే కరువు భత్యం గడిలో, అంకె ఏడాదిగా ఒకటే. అదే ఏడాది కందిపప్పు కొనలేకపోతున్నామని ఇంట్లో అమ్మ ఎన్నిసార్లు అందో నాకు తెలుసు.

ఇద్దరం చీటీలు పట్టుకుని లేబర్ ఆఫీసుకు వెళ్లాం. అక్కడ ఒక పెద్దాయన బీరువాలోంచి ఒక కాగితం తీసి, మా చీటీ వెనక్కి తిప్పి, దాని మీదే లెక్క వేశాడు. ఇన్ని పాయింట్లు పెరిగాయి, పాయింటుకు ఇంత, రోజుకు ఇంత. “ఇది నీకు రావాల్సిందేనమ్మా, ఎవరూ దయతో ఇచ్చేది కాదు” అన్నాడు. నెల తిరక్కుండానే బకాయి చేతికొచ్చింది. ఆ కాగితం ఎక్కడి నుంచి వస్తుందో తెలుసుకోవాలన్న కోరిక నాకు ఆ రోజే పుట్టింది.

అది మొదలయ్యేది కిరాణా కొట్టు దగ్గర. కేంద్ర కార్మిక శాఖ కింద లేబర్ బ్యూరో అని ఒక సంస్థ ఉంది. 1946 అక్టోబరులో ఏర్పడింది. దేశంలో 88 పారిశ్రామిక కేంద్రాల్లో, 317 మార్కెట్లలో అది ధరలు సేకరిస్తుంది. ఆంధ్రప్రదేశ్‌లో గుంటూరు, నెల్లూరు, విశాఖపట్నం. తెలంగాణలో హైదరాబాద్, వరంగల్, మంచిర్యాల ఆ జాబితాలో ఉన్నాయి. ధర అడిగే మనిషి ఎక్కడ పడితే అక్కడ అడగకూడదు. ముందే ఎంచుకున్న కొట్టు, ముందే అనుకున్న రోజు, అదే రకం సరుకు. పోయినసారి ఏ రకం బియ్యం ధర రాసుకున్నాడో ఈసారీ ఆ రకం ధరే రాసుకోవాలి. ఇంకో రకం ధర రాస్తే లెక్క చెడిపోతుంది. ఇంటద్దెలు మాత్రం ఆరు నెలలకోసారి చూస్తారు.

ఈ ధరలన్నీ కలిసి ఒక అంకె అవుతాయి. దాని పేరు పారిశ్రామిక కార్మికుల వినియోగదారుల ధరల సూచీ. 2016లో ధరలను 100 అనుకుంటే ఇప్పుడు ఎంత అని అది చెబుతుంది. నెలనెలా, తర్వాతి నెల చివరి పనిదినాన విడుదలవుతుంది. కనీస వేతనంలో కరువు భత్యం, అంటే మన వీడీఏ, ఈ సూచీని బట్టే మారుతుంది. మన రెండు రాష్ట్రాల్లోనూ ఏప్రిల్ 1న ఒకసారి, అక్టోబరు 1న ఒకసారి. పాయింటుకు రెండు రూపాయలని, సూచీ పది పాయింట్లు పెరిగిందని అనుకోండి. నెలకు ఇరవై రూపాయలు. ఒక మనిషికి చిన్న మొత్తమే. వంద మంది పనిచేసే చోట ఏడాదిపాటు ఇవ్వకపోతే 24 వేలు.

ఇక్కడొక చిక్కుంది. 2020 సెప్టెంబరు సూచీ నుంచి కొత్త సిరీస్ వచ్చింది. అప్పటిదాకా 2001ని 100 అనుకుని లెక్కించిన సూచీ 338 దాకా పోయి, ఒక్కసారిగా 118 దగ్గర కనిపించింది. మా బంధువొకాయన ఫోన్ చేసి, “ఏందిరా అబ్బాయ్, పాయింట్లన్నీ కోసేశారా?” అని ఒకటే టెన్షన్ పడ్డాడు. కోసెయ్యలేదు. కొత్త అంకెను 2.88తో గుణిస్తే పాత లెక్కలోకి వస్తుంది. 118ని గుణించి చూడండి, 340 దాకా వస్తుంది. అయితే ఈ మార్పులో తిండి ఖర్చుకిచ్చే వాటా 46 శాతం నుంచి 39 శాతానికి తగ్గింది. 48 వేలకు పైగా కార్మిక కుటుంబాలను అడిగి తేల్చిన సగటు అది. నాకు మాత్రం మనసులో ముల్లులా ఉంది. తక్కువ జీతంతో బతికే ఇంట్లో సంపాదనలో ఎక్కువ భాగం పొయ్యి దగ్గరే అయిపోతుంది. పప్పు, నూనె ధరలు పెరిగినప్పుడు ఆ ఇంటికి తగిలే దెబ్బ సగటు లెక్కలో పూర్తిగా కనబడదు.

వ్యవసాయ కూలీలకు వేరే సూచీ ఉంది. ఉపాధి హామీ కూలి రేటును ఏళ్ల తరబడి దాని ఆధారంగానే పెంచుతూ వచ్చారు. ఇవి కాక బ్యూరో ‘ఇండియన్ లేబర్ జర్నల్’ అనే మాసపత్రిక తెస్తుంది, పల్లెల్లో కూలి రేట్లూ ప్రకటిస్తుంది. నాట్లకు ఎంత, దున్నడానికి ఎంత, ఆడవాళ్లకు ఎంత, మగవాళ్లకు ఎంత అన్నీ అందులో ఉంటాయి. బంగారంలాంటి సమాచారం. కానీ నాట్లు వేసే మనిషి చదివే భాషలో అది దొరకదు. కనీస వేతనాల నోటీసు పనివాళ్లలో ఎక్కువమందికి అర్థమయ్యే భాషలో గోడకు పెట్టాలని 1950 నాటి కేంద్ర నిబంధనల్లోనే ఉంది. నోటీసుకు ఆ న్యాయం ఉన్నప్పుడు సూచీకీ ఉండాలి. ప్రతి నెలా ఆ అంకె తెలుగులో ఒక్క పేజీ మీద అచ్చయి, పంచాయతీ ఆఫీసు గోడ మీదికి, ఇదే రేడియోలోకి రావాలని గట్టిగా అడుగుతున్నాను.

2025 నవంబరు 21 నుంచి వేతనాల కోడ్ అనే కొత్త చట్టం అమల్లోకి వచ్చింది. జీతం చీటీ ఇవ్వాల్సిన బాధ్యత యజమానిదని అందులో ఉంది. తక్కువ ఇచ్చారని దరఖాస్తు పెట్టుకోవడానికి పాత కనీస వేతనాల చట్టంలో ఆరు నెలలే గడువు. ఇప్పుడు మూడేళ్లు. డబ్బు ఇచ్చామని రుజువు చేసుకోవాల్సింది కూడా యజమానే.

మీరు వాచ్‌మన్ కావచ్చు, బట్టల షాపులో అమ్మాయి కావచ్చు, రైస్ మిల్లులో హమాలీ కావచ్చు. మీ చీటీలు పారెయ్యకండి. ఏప్రిల్ జీతం వచ్చాక మార్చి చీటీ పక్కన పెట్టి చూడండి. అక్టోబరు జీతం వచ్చాక సెప్టెంబరు చీటీ పక్కన పెట్టండి. వీడీఏ గడిలో అంకె కదలకపోతే రెండు చీటీలూ తీసుకుని లేబర్ ఆఫీసుకు వెళ్లి, ఈ ఆరు నెలల వీడీఏ కాగితం చూపించమని అడగండి. చదువుకునే పిల్లలుంటే వెంట తీసుకెళ్లండి.

నమస్కారం.