మూడు మూలల ఇంజను వెంట మాజ్దా

సభకు నమస్కారం. కార్ల గురించి మాట్లాడమని పిలిచారు, నేను మాత్రం బెండుతో మొదలుపెడతాను. నేటి మాజ్దా 1920లో హిరోషిమాలో తోయో కార్క్ కోగ్యో పేరుతో పుట్టింది. అప్పట్లో ఆ కంపెనీ చేసిన పని బెండు తయారీ. మరుసటి ఏడు పగ్గాలు చేపట్టిన జూజిరో మత్సుదా దాన్ని యంత్రాల వైపు మళ్లించారు. 1931లో వచ్చిన మూడు చక్రాల ట్రక్కుకు మాజ్దా అని పేరు పెట్టారు. పారశీకుల దేవుడు అహుర మజ్దా, యజమాని ఇంటిపేరు రెండూ అందులో ఇమిడిపోయాయి.

1945లో అణుబాంబు పడినప్పుడు హిజియామా గుట్ట అడ్డుగా ఉండటంతో ఫ్యాక్టరీ చాలావరకు నిలిచింది. ఆ డిసెంబరుకే ట్రక్కుల తయారీ మళ్లీ మొదలైంది.

అసలు కథ 1961లో రోటరీ ఇంజను కోసం జర్మనీ కంపెనీ ఎన్‌ఎస్‌యూతో చేసుకున్న ఒప్పందంతో మొదలవుతుంది. మామూలు ఇంజనులో పిస్టన్లు పైకీ కిందికీ ఆడతాయి. రోటరీలో పిస్టన్లే ఉండవు. పట్టుపురుగు గూడు ఆకారపు గదిలో రోటరు అనే ఉబ్బెత్తు అంచుల త్రిభుజం గిరగిరా తిరుగుతుంది. దాని మూడు మూలలూ ఎప్పుడూ గోడను తాకుతూనే ఉండాలి. చిక్కంతా అక్కడే. వాయువు జారిపోకుండా మూలల్లో అమర్చిన సీళ్లు అదిరి, లోపలి గోడ మీద గాట్లు పడేవి. ఇంజనీర్లు వాటిని ‘దయ్యపు గోళ్ల గీతలు’ అన్నారు. కెనిచి యమమోతో నాయకత్వంలో 47 మంది ఆ గీతలతో ఏళ్ల తరబడి కుస్తీ పట్టారు. చివరికి కార్బన్, అల్యూమినియం కలిపి చేసిన సీళ్లు నిలిచాయి. 1967లో ఆ ఇంజనుతో కాస్మో స్పోర్ట్ కారు రోడ్డెక్కింది. 1972లో ఆపేసేనాటికి తయారైనవి 1,176 మాత్రమే. వ్యాపారి కళ్లతో చూస్తే అది నష్టాల పద్దు. నాకైతే ఆ కంపెనీ చేసిన అత్యంత అందమైన కారు అదే.

1973 చమురు సంక్షోభం దెబ్బ గట్టిగా తగిలింది. రోటరీ పెట్రోలు బాగా తాగుతుంది, అది దాని పుట్టుగుణం. సుమితోమో బ్యాంకు ఆదుకోకపోతే కంపెనీ మిగిలేది కాదేమో. అయినా 1978లో రోటరీతోనే నడిచే కారు ఆర్‌ఎక్స్-7 తెచ్చారు. మొండితనం కాకపోతే ఏమిటిది!

ఆ మొండితనానికి ఫలం 1991లో ఫ్రాన్స్‌లో జరిగే లే మాన్ 24 గంటల కార్ల పందెంలో దక్కింది. నాలుగు రోటర్ల మాజ్దా 787బి గెలిచింది. ఆ పందెంలో జపాన్ కారు గెలవడం అదే మొదటిసారి. చివరి విడత నడిపిన జానీ హెర్బర్ట్ నీరసించి పడిపోవడంతో విజయవేదిక ఎక్కలేకపోయాడు.

ఆర్‌ఎక్స్-7 తయారీ 2002లో ఆగింది. తర్వాత వచ్చిన ఆర్‌ఎక్స్-8 కూడా 2012లో సెలవు తీసుకుంది. కఠినమవుతున్న పొగ నిబంధనల ముందు ఆ ఇంజను నిలవలేకపోయింది.

2023లో ఎంఎక్స్-30 అనే కారులో రోటరీ మళ్లీ కనిపించింది. ఒకే రోటరు, పైగా చక్రాలను తిప్పే పని దానికి లేదు. మూల కూర్చుని బ్యాటరీకి కరెంటు పుట్టిస్తుంది.