రీడ్‌లైన్ ఎన్నిసార్లు పిలిచారు?

అందరికీ నమస్కారం. వేదిక మీదున్న పెద్దలు మన్నించాలి. పేరుపేరునా పలకరిస్తే నాకిచ్చిన సమయం అక్కడే అయిపోతుంది.

ఫైల్లోంచి కావలసిన లైన్లు ఏరడం గురించి, అదీ ఆబ్జెక్టుల పద్ధతిలో, మాట్లాడమన్నారు. పని పాతదే. యూనిక్స్‌లో కెన్ థాంప్సన్ రాసిన, లైన్లు వెతికి ఇచ్చే గ్రెప్ అనే ప్రోగ్రామ్ 1973 నుంచీ ఉంది. ఇంటర్‌ఫేస్‌తో మొదలుపెడదామని వచ్చాను గానీ, ముందు నా తప్పు చెప్పాలి.

ఉద్యోగంలో చేరిన కొత్తలో, లాగ్ ఫైల్లోంచి ఎర్రర్ లైన్లు ఏరే క్లాసు జావాలో రాశాను. వైల్ లూప్ షరతులో, ఫైల్లోంచి తర్వాతి లైన్ చదివిచ్చే రీడ్‌లైన్ పిలిచి, నల్ కాదు కదా, అంటే ఫైల్ ఇంకా అయిపోలేదు కదా అని చూశాను. లూప్ లోపల మళ్లీ రీడ్‌లైన్ పిలిచి, ఆ వచ్చిన లైన్లో ఎర్రర్ అన్న మాట వెతికాను. పిలిచిన ప్రతిసారీ ఫైల్లో ఒక లైన్ ముందుకు జరుగుతుంది కదండీ! మొదటిది, మూడోది, ఐదోది, అన్నీ చూడకుండానే పోయాయి. కంపైలర్ ఏమీ అనలేదు. లైన్ల సంఖ్య బేసి అయినప్పుడు మాత్రం చివర్లో లోపలి రీడ్‌లైన్‌కి లైన్ దొరక్క, నల్ పాయింటర్ ఎక్సెప్షన్ అనే లోపం వచ్చేది. నేనేం చేశాను? ఒక నల్ చెక్ పెట్టి దాని నోరు మూయించాను. మూడు వారాలు సగం ఎర్రర్లు ఎవరి కంటా పడలేదు.

జాగ్రత్తగా ఉండాల్సింది అన్నారు అందరూ. నేను ఒప్పుకోను. ఏ లైన్ ఉంచాలో తేల్చే కోడ్ చేతికి రీడర్‌ని, అంటే ఫైల్ చదివే ఆబ్జెక్టుని, ఎందుకిచ్చాను? అసలు తప్పు అది. దానికి ఒక్క స్ట్రింగ్, అంటే ఆ లైన్లోని అక్షరాలు, ఇస్తే చాలు, అవును కాదు అని చెబుతుంది. ఫైల్‌ని ముందుకు జరిపే దారే దానికి ఉండదు. 2014లో జావా 8తో వచ్చిన ప్రెడికేట్ ఇంటర్‌ఫేస్ సరిగ్గా ఇదే. ఫైల్స్ క్లాసులోని లైన్స్ మెథడ్ ఇచ్చే స్ట్రీమ్‌కి, అంటే లైన్ల వరసకి, ఆ ప్రెడికేట్‌తో ఫిల్టర్ తగిలిస్తే, ఫైలంతా మెమరీలోకి లాగకుండా అవసరమైనకొద్దీ చదువుతుంది. ఆ స్ట్రీమ్‌ని ట్రై తర్వాతి గుండ్రటి బ్రాకెట్లలో తెరవండి, లేకపోతే ఫైల్ మూతపడదు. షరతులు పెరిగితే రెండు ప్రెడికేట్లను ‘అండ్’తో కలపండి. క్లాసులో ఇంకో బూలియన్, అంటే అవును కాదు అనే ఫీల్డు, చేర్చకండి, దయచేసి.

ల్యాప్‌టాప్ తెచ్చుకున్నవాళ్లు ఇప్పుడే తెరవండి. ఐదు లైన్ల ఫైల్ ఒకటి చేయండి, ఐదూ షరతుకి సరిపోయేవే. మీ క్లాసుకివ్వండి. నా పాత క్లాసు రెండే ఇచ్చేది. మీకెన్ని వచ్చాయో వచ్చి చెప్పండి, నేను ఇక్కడే ఉంటాను.